రాత్రి పూట పెరుగు దొరకదు: జెరూసలేం నుంచి హైదరాబాద్ దాకా కోషర్ తిండి

జెరూసలేం యాత్రకు వెళ్లిన తెలుగువాళ్లకు మొదటి రాత్రే తగిలే దెబ్బ ఇది. హోటల్ డిన్నర్‌లో చికెన్ ఉంటుంది, అన్నం ఉంటుంది, సలాడ్లు వరసగా పేర్చి ఉంటాయి. పెరుగు మాత్రం ఉండదు. కాఫీలోకి పాలు అడిగినా ఇవ్వరు. పొద్దున టిఫిన్‌కి పెరుగు, వెన్న, నాలుగైదు రకాల చీజు పెట్టింది కూడా ఆ హోటలే మరి. తెలియక పక్క దుకాణంలో పెరుగు డబ్బా కొని డైనింగ్ హాల్లోకి తెచ్చుకుంటే సిబ్బంది పరుగెత్తుకొస్తారు. ఆ డబ్బా వల్ల హోటల్ కోషర్ (యూదుల ఆహార నియమాలకు సరిపడే తిండి) సర్టిఫికెట్‌కే చిక్కు వస్తుంది కాబట్టి వాళ్ల కంగారు అర్థం చేసుకోవలసిందే. పెరుగన్నం తప్పనిసరి అనుకునేవాళ్లు అన్నం తినడం ముగించి, పైకి గదికి వెళ్లి, ప్లాస్టిక్ చెంచాతో పెరుగు తినడం ఒక్కటే దారి.

కారణం బైబిల్ చదివేవాళ్లకు కొత్త కాదు. మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడకబెట్టకూడదన్న మాట నిర్గమకాండంలో రెండుసార్లు (23:19, 34:26), ద్వితీయోపదేశకాండంలో ఒకసారి (14:21) వస్తుంది. దాన్నుంచి యూదు సంప్రదాయం రెండు వంటిళ్లు కట్టింది: మాంసానికి ఒక గిన్నెల జత, పాలకు ఇంకొకటి. మాంసం తిన్నాక పాలు ముట్టుకోవాలంటే చాలామంది 6 గంటలు ఆగుతారు. జర్మనీ యూదుల వాడుక 3 గంటలు, డచ్ వాళ్లది ఒక గంట. అందుకే హోటళ్లు పొద్దున పాలభోజనం, రాత్రి మాంసభోజనం అని పూటలు పంచుకుంటాయి.

బయట తినేటప్పుడు మూడు మాటలు వస్తే చాలు. హలవి అంటే పాలది, బసారి అంటే మాంసానిది, పర్వే అంటే రెండూ కానిది. మన శాకాహారులకు హలవి రెస్టారెంటు మంచి చోటు. ఆ వంటింట్లోకి మాంసం అడుగు పెట్టదు. కానీ చేప పెడుతుంది, ఎందుకంటే చేపను మాంసం కింద లెక్కించరు. గుడ్డూ అంతే. పర్వే అని రాసిన కేకులో గుడ్డు ఉండటం మామూలే. జెలటిన్ చేపదైనా కావచ్చు, నియమం ప్రకారం కోసిన పశువుదైనా కావచ్చు. చీజు గడ్డకట్టడానికి వేసే రెన్నెట్ దూడ పొట్ట నుంచి తీసినా కోషర్ కాకుండా పోదు. కోషర్ ముద్ర చూసి శాకాహారమని నమ్మడం తెలుగు యాత్రికులు అన్నిటికన్నా ఎక్కువగా చేసే పొరపాటు.

ఇక సర్టిఫికెట్. ఇజ్రాయెల్‌లో కోషర్ పేరుతో మోసాన్ని నిషేధిస్తూ 1983 నుంచే చట్టం ఉంది. అయినా గోడ మీద కాగితం చదవకుండా కూర్చోకూడదు. అందులో ఆ హోటల్ పేరు, చిరునామా, పాలదా మాంసానిదా, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవి ఉండాలి. తేదీ తరచూ యూదు పంచాంగంలో ఉంటుంది కాబట్టి అర్థం కాకపోతే అడగండి. గడువు తీరిన కాగితాన్ని అసలు లేనట్టే లెక్కపెట్టాలి. మెహద్రిన్ అని ఉంటే మామూలు కన్నా కఠినమైన పర్యవేక్షణ. నిష్ఠ గలవాళ్లు చూసేది అదే. సర్టిఫికెట్ వంట రుచిగా ఉంటుందని చెప్పదు, శుభ్రతకూ హామీ కాదు. రబ్బీ (యూదు మతగురువు) వచ్చి దీవిస్తే తిండి కోషర్ అయిపోతుందన్నది కూడా అపోహే. ఆయన పని సరుకు, గిన్నెలు, మంట చూడటం.

ఊళ్ల సంగతికొస్తే, పశ్చిమ జెరూసలేంలో వెతుకులాట దాదాపు అక్కర్లేదు. మహనే యెహూదా బజారు చుట్టుపక్కల కూరగాయలు, రొట్టె, హుమ్మస్, వేడి భోజనం అన్నీ నడక దూరంలో ఉంటాయి. పాత నగరంలో మాత్రం యూదుల పేటలో వెతకాలి. మిగతా పేటల్లో తిండి బాగుంటుంది కానీ ఈ లెక్కలోకి రాదు. బెత్లెహేము, నజరేతుల్లో యాత్రా బృందాలకు పెట్టే భోజనం కూడా అంతే. కోషర్ పాటించేవాళ్లు ఆ రోజుకు జెరూసలేం నుంచే పొట్లం కట్టించుకుని బయలుదేరాలి. టెల్ అవీవ్ దారి వేరు: రెస్టారెంట్లు లెక్కలేనన్ని, సర్టిఫికెట్ లేనివీ చాలా ఎక్కువ. సముద్రపు ఒడ్డున రొయ్యలు అమ్మే చోటికీ, పక్కనే ఉన్న కోషర్ చోటికీ బోర్డులో తేడా కనిపించదు. తిండి సౌకర్యమే ముఖ్యమైతే బస జెరూసలేంలో పెట్టుకుని టెల్ అవీవ్‌కి పగలు వెళ్లిరావడం నయం.

శుక్రవారం మధ్యాహ్నం అన్ని లెక్కలూ తప్పుతాయి. జెరూసలేంలో సబ్బాతు (యూదులు పని మానే విశ్రాంతి దినం) దీపాలు సూర్యాస్తమయానికి 40 నిమిషాల ముందు వెలిగించడం ఆనవాయితీ. చాలా ఇతర చోట్ల 18 నిమిషాలు. దుకాణాలు అంతకు చాలా ముందే మూస్తారు, మళ్లీ తెరిచేది శనివారం చీకటి పడ్డాకే. శుక్రవారం సాయంత్రం విమానం దిగేవాళ్లు శనివారం రాత్రి దాకా సరిపడే తిండి చేతిలో పెట్టుకుని దిగాలి. హోటల్లో ఉన్నా శనివారం పొద్దున అప్పటికప్పుడు వేసిన ఆమ్లెట్, మెషిన్ కాఫీ ఆశించకండి. ముందే వండి వేడిగా ఉంచినవే వస్తాయి. సబ్బాతు లిఫ్టు ప్రతి అంతస్తులో దానంతటదే ఆగుతుంది. చెడిపోయిందని రిసెప్షన్‌కి ఫోన్ చేయనక్కర్లేదు.

మూడు రోజులు దాటితే హోటల్ కన్నా వంటిల్లున్న అపార్ట్‌మెంట్ మేలు, కానీ ఆ వంటింటి గిన్నెలు వాడొద్దు. ముందు దిగినవాళ్లు వాటిలో ఏం వండారో తెలియదు. కొత్త లీటరు ఎలక్ట్రిక్ కుక్కర్, చిన్న కత్తి, ప్లాస్టిక్ పలక, వెడల్పు అల్యూమినియం ఫాయిల్ తీసుకెళితే ఇద్దరికి చాలు. మైక్రోవేవ్ వాడక తప్పకపోతే గిన్నెను రెండు పొరలుగా కప్పి పెట్టండి. ఇజ్రాయెల్‌లో కరెంటు 230 వోల్టులే కాబట్టి మన కుక్కర్ పని చేస్తుంది, మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు మాత్రం దూరదు, అడాప్టర్ కావాలి. అదే కుక్కర్ అమెరికా తీసుకెళితే 120 వోల్టుల మీద దాదాపు పావు వంతు వేడే ఇస్తుంది. గంట గడిచినా బియ్యం పలుకుగానే ఉంటుంది. అక్కడ కొత్తది కొనుక్కోవాలి.

విమానంలో కోషర్ భోజనం కోడ్ కేఎస్ఎంఎల్. ఏవీఎంఎల్ (శాకాహార భోజనం కోడ్) అడగడం అలవాటైన మనవాళ్లు తెలుసుకోవలసింది, కేఎస్ఎంఎల్‌లో గొడ్డుమాంసం రావచ్చు. కనీసం 48 గంటల ముందు చెప్పాలి. చెప్పినా తప్పిపోయేది మూడు చోట్ల: టికెట్ తేదీ మార్చినప్పుడు పాత కోరిక కొత్త టికెట్‌లోకి రాదు, టికెట్ ఒక సంస్థది విమానం ఇంకో సంస్థది అయితే మధ్యలో జారిపోతుంది, తిరుగు ప్రయాణానికి విడిగా నమోదు కాకుండా ఉంటుంది. కాబట్టి మార్పు జరిగిన ప్రతిసారీ మళ్లీ చూసుకోవాలి. భోజనం రెండు పొరల్లో సీలు వేసి వస్తుంది. వేడి చేయకముందే సీలు చూపించమని అడగండి. సిబ్బంది సాయం చేద్దామని విప్పి తెస్తే నిష్ఠ గలవాళ్లకు అది పనికిరాదు. ఖర్జూరాలు, ఉప్పు వేయని జీడిపప్పు, సీలున్న బిస్కట్లు సంచిలో ఎలాగూ ఉండాలి.

మన దేశంలో నమ్మకంగా చెప్పగలిగే మొదటి చోటు ముంబై. కొలాబాలోని నారిమన్ హౌస్, 2008 నవంబరు 26 దాడుల్లో దెబ్బతిన్న చాబాద్ (యూదు మత సంస్థ) కేంద్రం, 2014లో మళ్లీ తెరుచుకుంది. నేరుగా వెళ్లి తలుపు తట్టే చోటు కాదది. ముందుగా భోజనానికి పేరు ఇవ్వాలి, పాస్‌పోర్టు దగ్గరుండాలి, తనిఖీకి సమయం పెట్టుకోవాలి. 1884 నాటి కెనెసెత్ ఎలియాహు సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) కాలాఘోడాలో ఉంది. కొలాబాలో బస చేస్తే శనివారం అక్కడికి నడిచే వెళ్లొచ్చు. హిమాచల్, గోవా, పుష్కర్‌లలోనూ చాబాద్ కేంద్రాలు ఉన్నాయి కానీ ఇజ్రాయెలీ కుర్రకారు ఏ కాలంలో ఎటు పోతే అటే హడావుడి. ఎండాకాలం కొండలు, చలికాలం గోవా. కసోల్‌లో హీబ్రూ అక్షరాల బోర్డులు వీధంతా కనిపిస్తాయి. హీబ్రూలో హుమ్మస్ అని రాసినంత మాత్రాన వంటిల్లు కోషర్ కాదు.

కొచ్చి వెళ్లేవాళ్లకూ అదే మాట. 1568లో కట్టిన పరదేశీ సినగాగ్ చూడదగ్గదే, శనివారం మూసి ఉంటుంది. జ్యూ టౌన్ పేరు చూసి భోజనానికి ఆశపడకండి, అక్కడ దొరికేవి మసాలా దినుసులు, పాత సామాన్లు. కోల్‌కతా న్యూ మార్కెట్‌లోని నహూమ్ బేకరీ 1902 నుంచి ఉంది. యూదు కుటుంబం పెట్టిన దుకాణమన్న చరిత్ర ఒకటి, సర్టిఫికెట్ ఇంకొకటి. కేకు కొనేముందు రెండోదాని గురించి అడగాలి.

“మన శాకాహార హోటల్లో తింటే సరిపోదా?” అన్న ప్రశ్న కోషర్ పాటించే అతిథి వచ్చిన ప్రతి ఆతిథేయుడూ వేస్తాడు. నిష్ఠ గలవాళ్లకు సరిపోదు. ప్యాకెట్ మీద పచ్చ చుక్క మాంసం లేదనే చెబుతుంది. పాలకూరలో పురుగు, కాలీఫ్లవర్‌లో పేను, పన్నీరు ఎలా విరగ్గొట్టారు, వెనిగర్ ద్రాక్షసారాదా, బయట నుంచి తెచ్చిన కేకు కోసిన కత్తి ఏది, ఇవేవీ ఆ చుక్కకు పట్టవు. పైగా పూర్తి వంట యూదుడు కాని మనిషి ఒక్కడే చేస్తే నియమం ఒప్పుకోని పదార్థాలు ఉన్నాయి. న్యూయార్క్ లెక్సింగ్టన్ అవెన్యూలో మన దక్షిణాది దోసె హోటళ్లు కొన్ని రబ్బీ పర్యవేక్షణ తెచ్చుకుని కోషర్ అయ్యాయి. మాంసం లేని వంటిల్లు కావడంతో సగం పని ముందే అయిపోయింది, మిగతా సగానికే సర్టిఫికెట్.

అమెరికా దుకాణాల్లో గుర్తులు చదవడం తేలిక, ఒక్కచోట తప్ప. వలయంలో యూ అక్షరం ఓయూ (ఆర్థడాక్స్ యూనియన్) అనే సర్టిఫికెట్ సంస్థ వాళ్లది. పక్కన డి ఉంటే పాలు. పి ఉంటే పర్వే అనుకుంటారు, కాదు, అది పస్కా పండుగకు పనికొస్తుందని. ఉత్త కె అక్షరం ఎవరైనా వేసుకోవచ్చు, దాని వెనక ఎవరున్నారో కనుక్కోవాలి. కోషర్ స్టైల్ అని రాస్తే వంట తీరు మాత్రమే, పర్యవేక్షణ లేదు. కోషర్ కోడి కొని బిర్యానీ చేసేవాళ్లు ఉప్పు తగ్గించాలి. రక్తం పోవడానికి ఆ మాంసాన్ని అరగంట నానబెట్టి, గంటసేపు ఉప్పులో ఉంచి, మూడుసార్లు కడిగి అమ్ముతారు.

హైదరాబాద్‌కో విజయవాడకో కోషర్ పాటించే అతిథి వస్తే మాంసం జోలికి పోవద్దు. హలాల్ ఉంది కదా అనకండి, కోత దగ్గరే కాదు, ఊపిరితిత్తుల పరీక్ష, తీసేయవలసిన నరాలు, కొవ్వు, ఉప్పు వేయడం అన్నీ వేరు. చేప మాత్రం మన చేతిలో పని. రెక్కలు, చర్మం చిరగకుండా ఊడే పొలుసు రెండూ ఉండాలి (లేవీయకాండం 11:9). శీలావతి, బొచ్చె, పండుగప్ప, కానాగంత ఈ లెక్కలో సరిపోతాయి. పుస్తెలమ్మైనా తినాలనే పులసకూ పొలుసు పుష్కలం. వాలుగ, జెల్ల, సొర, టేకు, రొయ్య, పీత పనికిరావు. చిక్కంతా బజారు కత్తిపీట దగ్గర. ఇంతకు ముందే దాని మీద వాలుగ కోసి ఉంటారు. కాబట్టి చేపను ముక్కలు చేయించకుండా, పొలుసుతో పాటే ఇంటికి తెచ్చి, అతిథి కళ్లముందు కొత్త కత్తితో కోయాలి. చర్మం తీసిన ముక్క ఏ చేపదో ఎవరూ చెప్పలేరు.

గిన్నె కొత్తది, స్టీలుది. గాజుదైనా లోహపుదైనా కొత్త గిన్నెను వాడేముందు మిక్వేలోనో (ఆచార శుద్ధికి వాడే కొలను) నదిలోనో ముంచే ఆచారం వాళ్లకుంది, అది ఎలా చేయాలో అతిథినే అడగండి. బియ్యం, పప్పు తెల్ల పళ్లెంలో పలచగా పరచి పురుగు చూడండి. గుడ్లు ఒక్కొక్కటిగా గాజు గ్లాసులో కొట్టి రక్తపు చుక్క ఉంటే పారేయండి. గోంగూర, తోటకూర కడగడం పెద్ద పని, ఆ పూటకు బెండకాయో ఆనపకాయో వండితే అందరికీ హాయి. కూరలో చిక్కదనానికి పెరుగు బదులు కొబ్బరిపాలు పోయండి. కొచ్చి యూదులు మాంసం కూరల్లో వాడేది అదే, పర్వే కూడా. పొయ్యి మాత్రం అతిథినే వెలిగించమనండి. అష్కెనాజీలకు (యూరప్ మూలాల యూదులకు) అది చాలు, సెఫార్దీ (స్పెయిన్, మధ్యప్రాచ్య మూలాల) సంప్రదాయం వాళ్లయితే గిన్నెను కూడా వాళ్లే పొయ్యి మీదికెక్కిస్తారు.

శుక్రవారం రాత్రి ప్రార్థనకు కోషర్ వైన్ దొరక్కపోతే బెనె ఇజ్రాయెల్ (మహారాష్ట్ర యూదులు) వాళ్ల పద్ధతి ఉంది: నల్ల ఎండుద్రాక్ష నీళ్లలో నానబెట్టి, పిసికి, వడగట్టిన షర్బత్. పస్కా వారంలో వచ్చే అతిథికి అన్నం పెట్టొచ్చా అన్నది ఆయన సంప్రదాయాన్ని బట్టి ఉంటుంది. అష్కెనాజీలు చాలామంది ఆ వారం బియ్యం, పప్పులు తినరు, మన దేశపు యూదులు బియ్యం తింటారు. ఎవరొచ్చినా ఆ వారం పోపులో ఇంగువ వేయకండి. డబ్బాలో దొరికే ఇంగువలో మైదా కలిసి ఉంటుంది, పులియని రొట్టెల పండుగకు అది పనికిరాదు.