స్కాట్లాండ్‌లో గుడారం, ఫ్రాన్స్‌లో జీత్: వీపు మీద సంచితో రెండు దేశాలు

ఆగస్టులో ఎడిన్‌బరాలో డార్మిటరీ మంచానికి అడిగే డబ్బు నిలువుదోపిడీ. ఫిబ్రవరిలో 20, 25 పౌండ్లకు దొరికే మంచమే ఫ్రింజ్ కళల ఉత్సవం నడిచే మూడు వారాల్లో 60, 70 పౌండ్లు పలుకుతుంది. పెరిగేది ధర ఒక్కటే. పరుపు అదే, పన్నెండు మంది గదికి ఉన్న ఒక్క కిటికీ అదే. లాకరు ఇస్తారు, తాళం మనం తెచ్చుకోవాలి. తువ్వాలుకు విడిగా డబ్బు. ఉదయం 10కి ఖాళీ చేయాలి; సాయంత్రం రైలైతే సంచి దాచిపెట్టినందుకు మళ్లీ చెల్లించాలి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదన్న షరతు బుకింగ్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవకుండా కార్డు నంబరు కొట్టొద్దు. 2026 జూలై 24 నుంచి బస ధర మీద 5 శాతం సందర్శకుల పన్ను కూడా పడుతుంది. వరుసగా ఉన్న మొదటి ఐదు రాత్రుల వరకే ఆ పన్ను.

ఆగస్టులో తప్పక వెళ్లాల్సి వస్తే గ్లాస్గోలో దిగండి. రెండు ఊళ్ల మధ్య రైలు ప్రయాణం 50 నిమిషాలు, పగలంతా గంటకు నాలుగు దాకా రైళ్లుంటాయి. 2025 సెప్టెంబరు 1 నుంచి స్కాట్‌రైల్ రద్దీ వేళల అదనపు ఛార్జీ ఎత్తేసింది కాబట్టి పొద్దున్నే బయల్దేరినా అదే టికెట్టు. రాత్రి ఆఖరి రైలు ఎన్నింటికో మాత్రం వెళ్లేటప్పుడే చూసుకోవాలి.

ఎడిన్‌బరాలో చూడదగ్గవాటిలో సగం ఉచితమే. నేషనల్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ రెండింటికీ టికెట్టు లేదు. ఆర్థర్స్ సీట్ కొండ ఎత్తు 251 మీటర్లే, ముప్పావు గంటలో ఎక్కొచ్చు. గాలి మాత్రం మనిషిని పక్కకు తోస్తుంది, గొడుగు పనికిరాదు. కోటలోకి వెళ్లాలనుకుంటే ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోవాలి. గేటు దగ్గర ధర ఎక్కువ, ఉత్సవాల్లో టికెట్లు అయిపోతాయి కూడా. గ్లాస్గోలో కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం ఒక పూట, నెక్రోపోలిస్ అనే పాత శ్మశానపు కొండ ఇంకో పూట. అక్కడ చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ లేదు.

మంచం దగ్గర పిండిన డబ్బంతా స్కాట్లాండ్ కొండల్లో తిరిగి ఇచ్చేస్తుంది. 2003 నాటి భూసంస్కరణల చట్టం ప్రకారం, బాధ్యతగా మసలుకునే ఎవరైనా దాదాపు ఎక్కడైనా నడవొచ్చు, ఒకటి రెండు రాత్రులు గుడారం వేసుకోవచ్చు. భూమి ఎవరిదైనా సరే. ఇళ్లకు దూరంగా, పంట పొలాలు కాని చోట వేసుకుని, పొద్దున్నే ఆనవాలు లేకుండా తీసేయాలి. ఇంగ్లండ్‌లో ఇంత విస్తారమైన హక్కు లేదు. పర్సు పలచగా ఉన్నవాడు బ్రిటన్‌లో చూడాల్సిన మొదటి దేశం స్కాట్లాండే అనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

ఆ హక్కును సరిగ్గా వాడుకునే నడకదారి వెస్ట్ హైలాండ్ వే. గ్లాస్గో శివార్లలోని మల్‌గై (Milngavie) నుంచి ఫోర్ట్ విలియం దాకా 154 కిలోమీటర్లు, ఏడెనిమిది రోజులు. ఊరి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి పలకబోతే స్టేషన్లో ఎవరికీ అర్థం కాదు, 'మల్‌గై' అనాలి. గ్లాస్గో నుంచి రైల్లో పాతిక నిమిషాలు. తొలి రెండు రోజులూ చదును దారి, అందరూ హుషారుగా ఉంటారు. గొడవలు మొదలయ్యేది రోవర్డెనన్ నుంచి ఇన్వరార్నన్ దాకా, లోమండ్ సరస్సు ఒడ్డున. దూరం 22 కిలోమీటర్లే, కానీ వేళ్లూ బండలూ ఎక్కి దిగుతూ వెళ్లాలి కాబట్టి గంటకు మూడు కిలోమీటర్లు దాటదు. మామూలు లెక్కన ఐదు గంటలు అనుకుని బయల్దేరినవాళ్లకు ఎనిమిది గంటలు పడుతుంది, సాయంత్రానికి తోటివాళ్లతో మాటలుండవు. ఆ రోజుకు సంచి బరువు 10 కిలోల లోపు ఉంచాలి, లేదా సంచిని తర్వాతి మజిలీకి చేర్చే వాహనసేవకు డబ్బు కట్టేయాలి. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు ఈ ఖర్చు దగ్గర పీనాసితనం చూపొద్దు.

ఒక మెలిక ఉంది. ఇదే లోమండ్ ఒడ్డున చాలా భాగంలో మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా గుడారానికి పర్మిట్ కావాలి. దేశమంతా ఉచితం అని విని వచ్చినవాళ్లకు ఇక్కడే చుక్కెదురవుతుంది. పర్మిట్ ఆన్‌లైన్‌లో కొద్ది పౌండ్లకే దొరుకుతుంది. అది దొరకకపోతే రోచోయిష్, డూన్ బైర్ అనే రెండు బోథీలు దారి పక్కనే ఉన్నాయి. బోథీ అంటే తాళం వేయని రాతి గది. మంచం, కరెంటు, కుళాయి, మరుగుదొడ్డి ఏవీ ఉండవు. నేల మీద చాప పరచుకోవాలి, అవసరానికి పార పట్టుకుని దూరంగా పోవాలి. అద్దె లేదు. ఇలాంటివి వందదాకా వాలంటీర్లు నడుపుతున్నారు. వర్షపు రాత్రి అలాంటి గదిలో నిప్పు రాజేసుకుని కూర్చుంటే ఎడిన్‌బరా మంచం గుర్తుకే రాదు.

ఇక మిడ్జ్‌లు. మన నుసుముల కన్నా చిన్నవి, వేల సంఖ్యలో మీద పడతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా మరీ ఎక్కువ. ఉదయం, సాయంత్రం, గాలి ఆడనప్పుడు, తడిగా ఉన్నప్పుడు రెచ్చిపోతాయి. గాలి గంటకు పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఎగరలేవు. అందుకే గుడారాన్ని చెట్ల నీడన, నీటి ఒడ్డున పల్లంలో వేయకూడదు; గాలి తగిలే మిట్ట మీద వేయాలి. తల మీద కప్పుకునే వల ఒకటి, లేతరంగు పొడుగు చేతుల చొక్కా ఒకటి సంచిలో పైనే ఉండాలి. ఈ బాధ అసలు వద్దనుకుంటే ఏప్రిల్ చివర, మే మొదట్లో వెళ్లండి. ఫెర్న్ పొదల్లోంచి నడిచిన రోజు రాత్రి కాళ్లు, నడుము చుట్టూ పిడుదుల కోసం వెతుక్కోవాలి. వాటిని తీసే చిన్న కొక్కెం మందుల షాపుల్లో దొరుకుతుంది. వేళ్లతో నలిపి లాగితే తల చర్మంలోనే ఉండిపోతుంది.

దారిలో వచ్చే టైన్‌డ్రమ్‌లో తిండి సరుకులు నిండుగా కొనుక్కోవాలి. అక్కణ్నుంచి కింగ్స్‌హౌస్ దాకా 30 కిలోమీటర్లు, మధ్యలో హోటళ్లు ఒకటి రెండు తప్ప కిరాణా లేదు. ఓట్స్ బిస్కెట్లు, చీజ్, వేరుశనగ వెన్న సరిపోతాయి. శాకాహారులకు చెప్పాల్సిన మంచి మాట: గొర్రె లోపలి భాగాలతో చేసే స్కాట్లాండ్ వంటకం హాగిస్‌కు శాకాహారపు రూపం ఉంది, ఓట్స్, పప్పులు, మిరియాలతో చేస్తారు, సూపర్ మార్కెట్లోనూ అమ్ముతారు. ముల్లంగి జాతి దుంప ముద్దతో, ఆలుగడ్డ ముద్దతో కలిపి పెడతారు. అలసిపోయిన రోజున ఇంతకంటే కడుపు నింపేది అక్కడ ఇంకోటి లేదు.

ఫోర్ట్ విలియం చేరాక, సినిమాల పుణ్యమా అని పేరుపడ్డ ఆవిరి రైలు కోసం నెలల ముందు బుక్ చేసి పెద్ద మొత్తం పెట్టేవాళ్లున్నారు. మల్లేగ్‌కు వెళ్లే మామూలు స్కాట్‌రైల్ బండి కూడా అదే పట్టాల మీద, 21 తోరణాల గ్లెన్‌ఫినన్ వంతెన మీదుగానే పోతుంది. టికెట్టు చాలా తక్కువ. వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోండి.

ఫ్రాన్స్‌కు దాటే ముందు మూడు పనులు. భారత పాస్‌పోర్టుకు రెండు దేశాల వీసాలూ వేరువేరు. ఫ్రాన్స్‌కు కావలసిన షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిది) తరచూ ఒకే ప్రవేశానికి ఇస్తారు కాబట్టి స్కాట్లాండ్ ముందు, ఫ్రాన్స్ తర్వాత పెట్టుకుని పారిస్ నుంచే ఇంటికి విమానం ఎక్కడం సుఖం. షెంగెన్ ఫీజు 90 యూరోలు, దాంతోపాటు 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. రెండోది, గ్యాస్ డబ్బా. విమానంలోనూ యూరోస్టార్‌లోనూ ఎక్కనివ్వరు, బయల్దేరేముందు వదిలేయాల్సిందే. స్కాట్లాండ్‌లో దొరికేది మరతిప్పే డబ్బా. ఫ్రాన్స్ పల్లెల్లో ఎక్కువగా కనబడేది నొక్కి బిగించే రకం, మన స్టవ్‌కు పట్టదు. డెకాత్లాన్ ఉన్న పెద్ద ఊళ్లోనే మర డబ్బా కొనుక్కోవాలి. మూడోది, పాలూ మాంసమూ. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం తేకూడదు. ఇంటి నుంచి తెచ్చిన నెయ్యికీ, స్కాట్లాండ్‌లో కొన్న చీజ్‌కూ ఒకటే నియమం. స్కాట్లాండ్ బ్యాంకుల నోట్లు కూడా అక్కడే ఖర్చుచేయండి, బయట మార్చుకోవడం కష్టం.

పారిస్‌లో రెండు రోజులు చాలు. 2025 జనవరి నుంచి మెట్రో, శివార్లకు వెళ్లే ఆర్‌ఈఆర్ రైళ్లకు కలిపి ఒకే టికెట్టు పెట్టారు. ఆ ఏడు ధర 2.50 యూరోలు, విమానాశ్రయానికి 13. మెట్రో టికెట్టుతో బస్సెక్కకూడదు, దానికి వేరే టికెట్టు కొనాలి. తెలియక ఎక్కినా తనిఖీ చేసేవాళ్లు అక్కడికక్కడే జరిమానా రాస్తారు, వాదించి లాభం లేదు. ఐరోపా ఆర్థిక ప్రాంతం బయటివాళ్లకు లూవ్ర్ టికెట్టు 2026 జనవరి 14 నుంచి 32 యూరోలు అయింది. ఒక్క మోనాలిసా కోసమైతే వద్దు. ప్రతినెలా మొదటి ఆదివారం ఓర్సే మ్యూజియం ఉచితం. పెటి పాలే, కార్నావాలే మ్యూజియాల శాశ్వత ప్రదర్శనలు ఎప్పుడూ ఉచితమే. నోత్ర్ దామ్‌లోకి ప్రవేశానికి డబ్బు లేదు, దానికి టికెట్లమ్మే ప్రతి ఒక్కడూ మోసగాడే. అన్నం మీద మనసుపోతే గార్ ద్యు నార్ స్టేషన్ నుంచి పది నిమిషాలు లా షాపెల్ వైపు నడవండి. అక్కడి శ్రీలంక తమిళుల హోటళ్లలో ఇడ్లీ, దోసె, సాంబారు దొరుకుతాయి.

అసలు ఫ్రాన్స్ దక్షిణాన ఉంది. ఎడిన్‌బరాలో పుట్టిన రచయిత ఆర్.ఎల్. స్టీవెన్‌సన్ 1878లో ఒక గాడిదను తోలుకుంటూ సేవెన్ కొండల్లో పన్నెండు రోజులు నడిచాడు. ఇప్పుడు ఆ దారి జీఆర్ 70 (జీఆర్ అంటే ఫ్రాన్స్‌లో గుర్తులు పెట్టిన దూరపు నడకదారి), లె ప్యుయి నుంచి ఆలెస్ దాకా సుమారు 270 కిలోమీటర్లు. పారిస్ గార్ ద లియోన్ నుంచి లియోన్‌కు టీజీవీ వేగ రైల్లో రెండు గంటలు, అక్కణ్నుంచి సాంత్ ఎతియెన్ మీదుగా ప్రాంతీయ రైల్లో లె ప్యుయి. చవక కదా అని విగో రైలు టికెట్టు కొంటే సంచి కొలత చూసుకోండి: కనీస ధరలో వచ్చేది 55×35×25 సెంటీమీటర్ల సంచి, పెద్ద బ్యాక్‌ప్యాక్‌కు బుకింగ్ సమయంలోనే అదనం కట్టాలి.

ఈ దారిలో గుడారం మీద ఆధారపడొద్దు. ఫ్రాన్స్‌లో స్కాట్లాండ్ లాంటి హక్కు లేదు; సేవెన్ జాతీయ పార్కు లోపల కూడా జీఆర్ దారి వెంబడి రాత్రి 7 నుంచి ఉదయం 9 దాకా మాత్రమే పడుకోనిస్తారు. దాని బదులు జీత్ అనే బాటసారుల బస ఉంది, స్కాట్లాండ్‌లో పడ్డ బాధకు అదే మందు. రాతి ఇంట్లో ఐదారు పక్కల గది, రాత్రి భోజనం, పొద్దున టిఫిను కలిపి మనిషికి 45 నుంచి 55 యూరోలు. దీన్ని 'దమీ పాన్సియోన్' అంటారు. ఎడిన్‌బరాలో తిండి లేకుండా మంచానికి అడిగిన డబ్బు కంటే తక్కువ.

భోజనం రాత్రి ఏడింటికో ఏడున్నరకో, అందరూ ఒకే బల్ల చుట్టూ. ముందు కూరగాయల సూప్ పెద్ద గిన్నెతో పెడతారు, ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. తర్వాత లె ప్యుయి పచ్చ పప్పు. మన ఎర్ర కందిపప్పులా మెత్తబడిపోదు, గింజ గింజగా నిలుస్తుంది, ఉల్లి, క్యారెట్, బిర్యానీ ఆకుతో వండుతారు. ఆపైన చీజ్ పళ్లెం, చివర చెస్ట్‌నట్‌తో చేసిన తీపి. శాకాహారులు ఫోన్ చేసి బుక్ చేసేటప్పుడే 'సాన్ వియాండ్, సాన్ ప్వాసోం' అనాలి, మాంసమూ చేపా వద్దని. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే పప్పులోంచి సాసేజీ ముక్కలు ఏరి పెడతారు. గుడ్డు కూడా తిననివాళ్లు 'సాన్ జ్యో' అని కలపాలి, లేకపోతే ఆమ్లెట్ వస్తుంది. రోజంతా మొహం మాడ్చుకుని నడిచినవాళ్లు సైతం రెండో గిన్నె సూప్‌కు మాటల్లో పడతారు.

జీత్ మర్యాదలు కొన్ని పాటించాల్సిందే. బూట్లు, కర్రలు గుమ్మం దగ్గరే వదలాలి. నల్లుల భయంతో చాలాచోట్ల సంచినీ పడక గదిలోకి రానివ్వరు. కావలసిన బట్టలు తీసుకుపోవడానికి బుట్ట ఇస్తారు. దీనికి విసుక్కోవద్దు, మీ పక్కలో నల్లులు లేకపోవడానికి కారణం అదే. దుప్పట్లు ఉంటాయి, లోపల పడుకునే పలచని గుడ్డ సంచి మనది ఉండాలి. మే, జూన్, సెప్టెంబరుల్లో మూడు నాలుగు వారాల ముందు ఫోన్ చేయాలి. ఆలస్యమవుతుంటే సాయంత్రం ఆరులోపు చెప్పాలి, లేదంటే వెతకడానికి మనుషుల్ని పంపుతారు. నగదు చేతిలో ఉంచుకోండి; కార్డు తీసుకోని ఇళ్లు చాలా ఉన్నాయి, ఏటీఎంలు లె ప్యుయి, లాంగోన్య్, ఫ్లోరాక్ లాంటి కాస్త పెద్ద ఊళ్లలోనే నమ్మకం. ఆది, సోమవారాల్లో పల్లె దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే రొట్టె కొనుక్కోవాలి.

దారి గుర్తు తెలుపు ఎరుపు గీతలు. రెండూ X ఆకారంలో ఒకదాన్నొకటి దాటి ఉంటే అటు పోకూడదు. నీళ్లకు ఊరి శ్మశానం వెతకండి, గేటు లోపల కుళాయి ఉంటుంది. 'నోన్ పొతాబ్ల్' అని రాసి ఉంటే తాగొద్దు. ల బ్లేమార్ దాటాక మోన్ లొజేర్ శిఖరం 1,699 మీటర్లు, దారి మొత్తంలో ఎత్తైన చోటు. పొగమంచు కమ్మితే పది అడుగులు కనబడవు. గొర్రెల కాపరుల కోసం నిలబెట్టిన రాతి స్తంభాలు వరుసగా ఉన్నాయి, ఒకటి వదిలి ఇంకోటి కనబడేదాకా కదలొద్దు. దిగుడు ల పోన్ ద మోన్‌వేర్ దాకా, అక్కడి నదిలో కాళ్లు పెట్టుకోవచ్చు.

సెలవు తక్కువ ఉంటే ఫ్లోరాక్‌లో ముగించొద్దు, అక్కడ రైలు లేదు. లాంగోన్య్‌లో గానీ ల బాస్తీద్‌లో గానీ ఆపితే నీమ్ వెళ్లే రైలు స్టేషన్ ఊళ్లోనే ఉంది.