మ్యాచింగ్, డిఫ్-ఇన్-డిఫ్, ఇన్‌స్ట్రుమెంట్: ఏది మేలు?

ఒక మందు పనిచేసిందా, ఒక చట్టం వల్ల ఉద్యోగాలు పోయాయా అని తేల్చడానికి జనాన్ని లాటరీ వేసి రెండు గుంపులు చేసే వీలు అన్నిసార్లూ ఉండదు. ఉన్న డేటాతోనే తంటాలు పడాలి. అందుకు వాడే మూడు పద్ధతులివి.

చాలామంది ముందు పట్టుకునేది మ్యాచింగ్. మందు వాడినవాళ్లకు వయసు, ఆదాయం, ఆరోగ్యం సరిపోలే వాడనివాళ్లను వెతికి పోల్చడం. 1983లో గణాంకవేత్తలు రోజెన్‌బామ్, రూబిన్ ప్రొపెన్సిటీ స్కోర్ (ఈ వివరాలన్నిటినీ బట్టి ఒక మనిషి మందు వాడే అవకాశం ఎంతో చెప్పే ఒకే అంకె) తెచ్చాక ఇది మరీ తేలికైంది. చిక్కల్లా డేటాలోకి ఎక్కని సంగతులతోనే. మెనోపాజ్ తర్వాత హార్మోన్లు వాడే స్త్రీలకు గుండెజబ్బు తక్కువని పరిశీలనా అధ్యయనాలు ఏళ్లతరబడి చెప్పాయి. అమెరికాలో లాటరీ పద్ధతిలో జరిగిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ట్రయల్‌లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన భాగాన్ని 2002లో మధ్యలోనే ఆపేశారు. గుండెజబ్బు తగ్గకపోగా కాస్త పెరిగింది. హార్మోన్లు వాడినవాళ్లు ముందునుంచే ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు కావడం ఈ తేడాకు ఒక కారణం. శ్రద్ధకు ఏ డేటాలో కాలమ్ ఉంటుంది?

ఇక్కడ డిఫ్-ఇన్-డిఫ్, అంటే రెండు గుంపుల్లో వచ్చిన మార్పుల మధ్య తేడా చూడటం, కాస్త నయం. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెరిగింది, పక్కనున్న పెన్సిల్వేనియాలో పెరగలేదు. ఆర్థికవేత్తలు కార్డ్, క్రూగర్ రెండుచోట్లా ఫాస్ట్‌ఫుడ్ ఉద్యోగాల్లో వచ్చిన మార్పును కొలిచి, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేశారు. ఉద్యోగాలు తగ్గిన దాఖలా కనబడలేదు. రెండు రాష్ట్రాల మధ్య మారకుండా ఉండే తేడాలు, మనం కొలవనివి కూడా, ఆ తీసివేతలో పోతాయి. చట్టం రాకుంటే రెండూ ఒకే దారిన నడిచేవని మాత్రం నమ్మాలి. పాత ఏళ్ల గ్రాఫు ధైర్యం ఇస్తుందే తప్ప రుజువు ఇవ్వదు.

ఇన్‌స్ట్రుమెంట్ కథ వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఇన్‌స్ట్రుమెంట్ అంటే మనం పరీక్షించే కారణాన్ని కదిపి, ఫలితాన్ని మాత్రం దాని ద్వారా తప్ప తాకని బయటి సంగతి. చదువు వల్ల జీతం ఎంత పెరుగుతుందో కొలవడానికి ఆంగ్రిస్ట్, క్రూగర్ 1991లో పుట్టిన త్రైమాసికాన్ని వాడారు: చట్టం ప్రకారం బడి మానే వయసు వచ్చేసరికి, ఏడాది మొదట్లో పుట్టినవాళ్ల చదువు కాస్త తక్కువే అయ్యుంటుంది. అయితే పుట్టిన త్రైమాసికం స్థానంలో ఉత్తుత్తి అంకెలు పెట్టినా నమ్మదగ్గట్టు కనిపించే ఫలితాలే వస్తాయని 1995లో బౌండ్, జేగర్, బేకర్ చూపించారు. ఇన్‌స్ట్రుమెంట్ బలహీనమైతే, అంటే కారణాన్ని అది కదిపేది మరీ కొంచెమైతే, అంతే.

ఎవరికి దక్కుతుందో ఎవరికి దక్కదో తేల్చే కటాఫ్ మార్కు లాంటిది ఉంటే ఈ మూడింటినీ పక్కనపెట్టి, దానికి అటూ ఇటూ ఉన్నవాళ్లనే పోలుస్తాను. లేకుంటే డిఫ్-ఇన్-డిఫ్. మ్యాచింగ్‌కు ఓటు వేసేది ఒక్కచోటే: మందు ఎవరికివ్వాలో డాక్టరు ఏయే రిపోర్టులు చూసి నిర్ణయించారో, ఆ రిపోర్టులన్నీ నా చేతిలోనూ ఉన్నప్పుడు.