పూల దుకాణం వెబ్‌సైట్‌లో వర్చువల్ టూర్: నాలుగేళ్లు వాడిన తరువాత

రాజమహేంద్రవరంలో మాది పూల దుకాణం. ముందరి గదిలో విడిపూలు, దండలు, పూలజడలు అమ్ముతాం. వెనుక హాల్లో పెళ్లి మండపాలకు కావలసిన స్తంభాలు, చట్రాలు, పూల తెరలు నిలబెట్టి ఉంచుతాం. 2021లో కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన తరువాత, ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లు కూడా దుకాణానికి వచ్చి చూసుకోవడానికి వెనకాడుతున్న రోజుల్లో, దుకాణమంతా 360 డిగ్రీల్లో తిరిగి చూడగలిగే వర్చువల్ టూర్‌ను మా వెబ్‌సైట్‌లో పెట్టించాను. పెట్టి నాలుగేళ్లు దాటింది. మధ్యలో ఒకసారి మొత్తం తీసేసి మళ్లీ మొదటి నుంచి చేయించాను. ఏది పనికి వచ్చిందో, ఏది రాలేదో ఇప్పుడు స్పష్టంగా చెప్పగలను.

పూల దుకాణం టూర్‌లో పూలనే చూపించాలనుకోవడం మేము చేసిన మొదటి పొరపాటు. శ్రావణ శుక్రవారానికి ముందు రోజు, కడియపులంక మార్కెట్ నుంచి తెల్లవారుజామున సరుకు దిగగానే, బంతి, చామంతి, లిల్లీ, కనకాంబరాలు గంపల నిండా సర్ది ఫొటోలు తీయించాం. చూడటానికి కన్నులపండువగానే ఉంది. కానీ ఆ ఫొటోలు ఒక్క రోజువి, పూలకొట్టేమో ఏ రెండు రోజులూ ఒకేలా ఉండదు. మల్లెల కాలం వచ్చేసరికి కొట్టు నిండా మొగ్గలే ఉండగా, టూర్‌లో మాత్రం ఒక్క మల్లెపువ్వూ కనిపించేది కాదు. ఎండాకాలంలో పెళ్లి పెట్టుకున్న ఒకరు టూర్‌లో చూసిన తెల్ల చామంతే కావాలని పట్టుబట్టారు. ఆ రకం ఆ నెలల్లో మాకు సరిగా రాదని నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది. చూపించిన సరుకు ఇవ్వలేకపోతే మాట తప్పినట్టే కదా అని వారు అన్నారు. ఆ మాట న్యాయమైనదే.

టూర్ అసలు దేనికి పనికి వస్తుందో నాకు తెలియజెప్పింది డాలస్ నుంచి వచ్చిన ఒక ఫోన్. తండ్రిగారి షష్టిపూర్తి ఇక్కడ జరిపించదలచిన ఒకావిడ, మాకు రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేసి, తాను టూర్ చూస్తూనే మాట్లాడుతున్నానని చెప్పారు. "బాబాయిగారూ, వెనుక హాల్లో ఎడమ మూలన ప్లాస్టిక్ కుర్చీ ఉంది కదండీ, దాని పక్కన వేలాడుతున్న దండ కుర్చీ సీటు కంటే కిందికి దిగింది. మా నాన్నగారు అంత పొడగరి కాదు, ఒక మూర తగ్గించి కట్టగలరా?" అని అడిగారు. ఆ కుర్చీని మేము కావాలని పెట్టింది కాదు, ఎవరో మరచిపోయి వదిలేసింది. మామూలు ఫొటోలో దండ ఎంత పెద్దదో తెలియదు. చుట్టూ గది, పక్కన కుర్చీ, పైన ఫ్యాను, కింద నేల కనిపిస్తే కొలత దానంతట అదే తెలుస్తుంది. పువ్వు తాజాదనాన్ని ఏ టూరూ చూపించలేదు, కానీ దండ పొడవు, మండపం వెడల్పు, తెర ఎత్తు చక్కగా చూపించగలదు.

ఆ ఎరుకతోనే 2023లో మళ్లీ తీయించాం. ఆ ఏడాది ఆషాఢం వెంటనే అధిక శ్రావణం వచ్చినందువల్ల దాదాపు రెండు నెలలు పెళ్లిళ్లు లేవు, హాలు ఖాళీగా దొరికింది. మూడు సైజుల మండపాల చట్రాలను పూలు లేకుండా నిలబెట్టి, ఒక్కొక్క స్తంభానికి అడుగుల గుర్తులు వేసిన పట్టీ కట్టి తీయించాం. దండలు మాత్రం రెండు మూరలది మొదలుకొని గజమాల దాకా వరసగా వేలాడదీశాం. ఈ పట్టీ వల్ల ఇంకో మేలు కూడా జరిగింది. ఈ కెమెరాల కటకాలు గదిని ఉన్నదానికంటే విశాలంగా చూపిస్తాయి. మొదటి టూర్ చూసి వచ్చిన కొందరు గుమ్మంలోనే ఆగిపోయి, హాలు ఇంతేనా అని అడిగేవారు. ఇప్పుడు ఆ మాట వినిపించడం లేదు.

ఫొటోలు తీయడంలో పూల దుకాణాలకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. మాకు వాడిన కెమెరాకు ముందొక కటకం, వెనకొక కటకం ఉంటాయి, ఆ రెండు బొమ్మలనూ సాఫ్ట్‌వేర్ అతుకుతుంది. అతుకు పడే చోట ఏదైనా వస్తువు కెమెరాకు మరీ దగ్గరగా ఉంటే అక్కడ విరిగినట్టు కనిపిస్తుంది. మొదటి టూర్‌లో ఒక వరమాల సరిగ్గా ఆ గీత మీద పడి, నడిమికి తెగినట్టు కనిపించేది. పెళ్లికూతురి నాయనమ్మ దాన్ని చూసి, తెగిన దండ చూపించే కొట్టులో మనకు దండలు వద్దన్నారట. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పెళ్లి దండ విషయంలో పెద్దవాళ్లకు ఆ పట్టింపు ఉంటుంది. రెండోసారి దండలు కటకానికి ఎదురుగా వచ్చేట్టు కెమెరాను తిప్పి, కనీసం నాలుగడుగుల దూరంలో నిలిపాం. ఫ్యాన్లు కూడా ఆపించాలి. వెలుగు నీడలు సరిగా రావడానికి ఒకే చోట నుంచి వేర్వేరు వెలుతురు మోతాదుల్లో కొన్ని ఫొటోలు తీసి కలుపుతారు కాబట్టి, ఆ మధ్యలో దండ కాస్త ఊగినా దాని బొమ్మ రెండుగా పడుతుంది. ఫ్యాన్లు ఆపితే గదిలో ఉక్కపోస్తుంది, అందువల్ల తెల్లవారి ఆరు లోపలే పని ముగించడం మంచిది. ఆ వేళకు గుమ్మం నుంచి వచ్చే పగటి వెలుతురు తక్కువగా ఉంటుంది, రంగులు ట్యూబులైట్లకు తగ్గట్టు ఒక్కసారి సరిచేసుకుంటే సరిపోతుంది. ఈ జాగ్రత్త తీసుకోనప్పుడు కనకాంబరాలు ఎర్రగా మారిపోయి, కనకాంబరాలని గుర్తుపట్టలేనట్టుగా వచ్చాయి.

దండలు కట్టే మనిషి ఫొటోలో ఉండాలా వద్దా అన్నది కూడా ఆలోచించవలసిందే. వీధులను 360 డిగ్రీల్లో చూపించే తన స్ట్రీట్ వ్యూలో గూగుల్ ముఖాలను తానే మసకబరుస్తుంది, మన వెబ్‌సైట్‌లో ఆ పని ఎవరూ చేయరు. మా దగ్గర ఏళ్ల తరబడి దండలు కడుతున్న ఆవిడను అడిగితే ఒప్పుకోవడమే కాక, ఆ రోజు పట్టుచీర కట్టుకుని వచ్చి చాప మీద కూర్చున్నారు. ఆమె చేతి కింద సగం కట్టిన దండ, పక్కన అరటినార చుట్ట, తడిబట్ట కప్పిన మరువం కట్ట స్పష్టంగా కనిపిస్తాయి. టూర్ మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు అదే.

ఇక సాంకేతిక విషయాలు. మొదటి టూర్‌ను ఒక సంస్థ తన సర్వర్‌లోనే పెట్టి మాకు లింకు మాత్రం ఇచ్చింది. తీసినందుకు 14,000 రూపాయలు, ఆపైన ఏటా చందా. రెండో ఏడు చందా కట్టిన సంగతి వారి లెక్కల్లోకి చేరలేదంటూ, మాఘమాసంలో ముహూర్తాలు వరసగా ఉన్న వారం పాటు మా పేజీలో టూర్ ఉండవలసిన చోట నల్లపెట్టె కనిపించింది. ఫొటోల అసలు ఫైళ్లు అడిగితే ఒప్పందంలో లేదన్నారు. కొత్తగా చేయించుకునేవారికి నా సలహా ఇది: పూర్తి సైజు ఫొటోల ఫైళ్లు మీకు ఇస్తామని ముందుగా కాగితం మీద రాయించుకోండి. ఆ ఫైలు వెడల్పు ఎత్తుకు సరిగ్గా రెండింతలు ఉంటుంది, దాన్ని బట్టి పోల్చుకోవచ్చు.

రెండో టూర్‌ను పానెల్లమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మా సొంత సర్వర్‌లోనే పెట్టుకున్నాం. పేజీ తెరవగానే టూర్ మొత్తం దిగడం మొదలు కాదు, ముందు ఒక మామూలు ఫొటో కనిపించి, నొక్కినవారికే తెరుచుకుంటుంది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే పల్లెల నుంచి చూసేవారికి ఇది చాలా అవసరం. ఫొటోను మరీ పెద్ద సైజులో పెడితే కొన్ని పాత ఫోన్లలో తెరుచుకోదు. అందుకని ముక్కలుగా విడగొట్టి, చూస్తున్న వైపు ముక్కలే దిగేట్టు చేయించాం. దండల వరస దగ్గర ఒక గుర్తు పెట్టాం. దాన్ని నొక్కితే ఆ రోజు వచ్చిన పూల ఫొటోలు, ధరలు ఉన్న పేజీ తెరుచుకుంటుంది. మా అబ్బాయి రోజూ ఉదయం ఏడు గంటలకు దాన్ని మారుస్తాడు. చామంతి గొడవ మళ్లీ రాకుండా చేసింది ఆ ఒక్క గుర్తే.

గూగుల్ మ్యాప్స్‌లో కూడా ఫొటోలు పెట్టాం. స్ట్రీట్ వ్యూ యాప్‌తో ఫోన్‌లోనే 360 ఫొటోలు తీసి అప్పుడప్పుడు మార్చుకుందామనుకున్నాను కానీ, 2023 మార్చిలో గూగుల్ ఆ యాప్‌ను ఆపేసింది.

రెండు మూరల మల్లెపూలు కొనుక్కునేవారు ఈ టూర్ చూడరు. వీధి వ్యాపారమే ప్రధానమైన కొట్టుకు ఇది దండగ ఖర్చని నా అభిప్రాయం. మా దగ్గర మాత్రం పెళ్లి, షష్టిపూర్తి, గృహప్రవేశాల అలంకరణకు హైదరాబాద్ నుంచీ, విదేశాల నుంచీ మాట్లాడేవారిలో ఎక్కువమంది టూర్ చూసిన తరువాతే ఫోన్ చేస్తున్నారు, "రెండో మండపం, కానీ ఒక అడుగు ఎత్తు పెంచి" అని నేరుగా పనిలోకి దిగుతున్నారు. వారితో మాట్లాడే సమయం సగానికి తగ్గింది.

ఈ మధ్య పెద్ద మండపానికి చెక్క స్తంభాలు తీసేసి ఇత్తడి తొడుగు వేసినవి తెచ్చాం. ఆ ఒక్క చోటు ఫొటో ఇప్పుడు తప్పు కాబట్టి టూర్ నుంచి తీసి పక్కన పెట్టాను. ఆషాఢంలో హాలు ఖాళీ అయ్యాక మళ్లీ తీయిస్తాం.