కుక్కపిల్ల క్రోషే కిట్: ఊలు భేష్, హుక్కు మాత్రం మార్చండి

ఐదుకి మూడున్నర. హుక్కు ఒక్కటి సరైనది పెట్టి ఉంటే నాలుగున్నర ఇవ్వొచ్చు.

పెట్టె మీద ‘తొలిసారి అల్లేవాళ్ళకి’ అని ఉంది. చైన్, సింగిల్ క్రోషే అనే మొదటి కుట్లు చేతికి వచ్చినవాళ్ళకైతే ఆ మాట నిజమే. 13 సెంటీమీటర్ల ఎత్తున కూర్చునే ఈ కుక్కపిల్ల వాళ్ళకి పెద్ద పనేం కాదు. హుక్కు నిన్ననే పట్టుకున్నవాళ్ళు మాత్రం తల దగ్గరే నీరుగారిపోతారు. తప్పు వాళ్ళ చేతిది కాదు. పెట్టెలో ఇచ్చింది 3.5 మిల్లీమీటర్ల హుక్కు. ఈ ఊలుతో బొమ్మ అల్లడానికి అది మరీ లావు.

ముందు మంచి సంగతి. లోపల 40 గ్రాముల గోధుమరంగు ఊలు, 20 గ్రాముల మీగడరంగు ఊలు, నోరు కుట్టడానికి కాస్త నల్ల దారం, వెనక బిళ్ళతో బిగించే 8 మిల్లీమీటర్ల సేఫ్టీ కళ్ళు ఒక జత, ముక్కు, కుట్టుకి గుర్తుగా తగిలించే మార్కర్లు రెండు, ప్లాస్టిక్ సూది, పాలిస్టర్ దూది ఉన్నాయి. ఊలు కాటన్, ఆక్రిలిక్ కలిసినది, డీకే అనే మధ్యరకం మందం. పురి గట్టిగా ఉంది. కొసని రెండు వేళ్ళతో పట్టి వెనక్కి తిప్పి చూడండి, పోగులు అంత తొందరగా విడిపోవు. అంటే హుక్కు మొన పోగుల మధ్య దూరి దారాన్ని చీల్చదు. బొచ్చు బొచ్చుగా ఉండే వెల్వెట్ ఊలుతో కూడా ఇలాంటి కిట్లు వస్తున్నాయి. చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి కానీ అందులో కుట్టు కంటికి కనపడదు, వేలితో తడుముకుంటూ లెక్కపెట్టుకోవాలి. నేర్చుకునేవాళ్ళకి ఈ కిట్‌లోని నున్నటి ఊలే సరైనది.

ఇక హుక్కు. ఊలు చుట్టిన కాగితం మీద 3.5 నుంచి 4 అని ఉంటుంది. ఆ కొలత స్కార్ఫులకీ స్వెట్టర్లకీ, అంటే మెత్తగా జారే బట్టకి. బొమ్మ అల్లిక లోపల దూదిని ఆపాలి కాబట్టి 2.5, చెయ్యి బిగువైతే 2.75 తీసుకోండి. తేడా తెలియాలంటే 24 కుట్ల బిళ్ళ అవ్వగానే కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. కుట్టుకీ కుట్టుకీ మధ్య వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే రేపు అక్కణ్ణించే తెల్ల దూది తొంగిచూస్తుంది. కిట్‌లోని హుక్కుతో అల్లితే సరిగ్గా అదే జరుగుతుంది. పైగా తల సాగి పెద్దదవుతుంది, దాని ముందు 8 మిల్లీమీటర్ల కళ్ళు మిరియపు గింజల్లా మిగిలిపోతాయి.

హుక్కు మార్చినా వదులనిపిస్తే కుట్టు వేసే తీరు మార్చి చూడండి. కుట్టులోకి హుక్కు దించాక దారాన్ని హుక్కు మీదుగా చుట్టకుండా, హుక్కునే దారం మీదికి తెచ్చి పట్టి లాగండి. అప్పుడు కుట్టు ‘వి’ ఆకారం పోయి చిన్న ఇంటూ గుర్తులా, ఇంకా బిగువుగా వస్తుంది. మొదలుపెట్టిన తీరులోనే బొమ్మంతా అల్లాలి. మధ్యలో మారిస్తే ఆ గీత కనిపిస్తుంది.

కిట్‌తో వచ్చిన పుస్తకంలో కుట్లకి అమెరికా పేర్లు వాడారు, ఆ సంగతి మొదటి పేజీలోనే చెప్పారు. ఇది చాలా అవసరం. అమెరికావాళ్ళు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటిష్ పద్ధతిలో డబుల్ క్రోషే అంటారు. అక్కడ పొరబడితే కుక్కపిల్ల మెడ జిరాఫీ మెడ అయి కూర్చుంటుంది.

తల మ్యాజిక్ రింగ్‌లో, అంటే కొస లాగితే బిగిసే దారపు ఉంగరంలో, 6 కుట్లతో మొదలవుతుంది. తర్వాత ఒకే కుట్టులో రెండేసి వేస్తూ రౌండుకి ఆరేసి పెంచుకుంటూ 12, 18, 24, 30, 36 దాకా వెళ్ళి, పెంచకుండా 7 రౌండ్లు అల్లి, మళ్ళీ 30, 24, 18కి తగ్గించాలి. ప్రతి రౌండు చివరా మొత్తం కుట్లు ఎన్నో అచ్చువేశారు, మెచ్చుకోవాలి. పుస్తకం చెప్పనిది ఒకటుంది. పెంచే కుట్లు ప్రతిసారీ ఒకదాని నెత్తిన ఒకటి పడితే తల గుండ్రంగా రాదు, ఆరు మూలలు తేలుతుంది. అందుకని 18 నుంచి 24కి వెళ్ళేటప్పుడు ‘రెండు మామూలు, ఒక పెంపు’ బదులు ‘ఒక మామూలు, ఒక పెంపు, ఒక మామూలు’ అని ఆరుసార్లు వేయండి. 30 నుంచి 36కి వెళ్ళేటప్పుడు ‘రెండు మామూలు, ఒక పెంపు, రెండు మామూలు’. లెక్క అదే, మూలలు మాయం.

రౌండ్లు కలపకుండా చుట్టలా సాగే అల్లిక ఇది. ప్రతి రౌండు మొదటి కుట్టులో మార్కర్ పెట్టకపోతే ఎక్కడున్నామో తెలియదు. 36 బదులు 35 వస్తే కంగారు పడి విప్పక్కర్లేదు, తర్వాతి రౌండులో వెనకవైపు ఒకచోట పెంచితే సరిపోతుంది. మూడు నాలుగు తేడా వస్తే మాత్రం విప్పడమే మేలు. ఐదో రౌండు దగ్గర గిన్నెలా ముడుచుకున్నప్పుడు ‘వి’ వరసలు బయటికి ఉన్నాయో లేదో చూసుకోండి. లోపలికి ఉంటే అప్పుడే తిప్పేయండి. చాలామంది బొమ్మలు గరుకుగా, తిరగేసిన చొక్కాలా కనిపించడానికి కారణం ఇదే.

తగ్గింపు కుట్టు దగ్గర పుస్తకం పాత పద్ధతే చూపించింది. రెండు కుట్లలోంచి విడివిడిగా లాగి కలపడం. అలా చేస్తే పక్కన చిన్న కన్నం, పైన చిన్న బొడిపె మిగులుతాయి. రెండు కుట్ల ముందు పోగుల్లోంచి మాత్రమే హుక్కు దూర్చి, దారం పట్టి ఆ రెంటిలోంచీ లాగి, మళ్ళీ దారం పట్టి హుక్కు మీది రెండు ఉచ్చుల్లోంచి తీయండి. ఎక్కడ తగ్గించారో మీకే కనపడదు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ముఖం. పుస్తకం ప్రకారం 10, 11 రౌండ్ల మధ్య, 8 కుట్ల దూరంలో కళ్ళు బిగించి ఆ తర్వాత విడిగా అల్లిన మూతి కుట్టాలి. ఈ వరస తిరగబడింది. కుడిచేత్తో అల్లేవాళ్ళకి చుట్టు అల్లికలో కుట్లు రౌండు రౌండుకీ కొద్దిగా కుడికి జరుగుతాయి. కుట్లు లెక్కపెట్టి పెట్టిన కళ్ళు, కంటితో చూసి కుట్టిన మూతి ఒక గీతలోకి రావు. సేఫ్టీ కన్ను వెనక బిళ్ళ ఒకసారి బిగిస్తే మళ్ళీ ఊడదు, తీయాలంటే కాడ కత్తిరించాల్సిందే. అందుకే తలలో తాత్కాలికంగా దూది పెట్టి, మూతిని గుండుసూదులతో గుచ్చి, కళ్ళని బిళ్ళ లేకుండా దూర్చి, చేతి దూరంలో పట్టుకుని చూడండి. ఒక్క రౌండు కిందికి దింపితే పసితనం వస్తుంది, ఒక్క కుట్టు దగ్గరికి జరిపితే గంభీరంగా మారిపోతుంది. నచ్చాక దూది తీసి బిళ్ళలు బిగించండి. మూతి మీద ముక్కు, నల్లదారపు నోరు తలకి కుట్టకముందే పూర్తి చేసుకోవాలి, తర్వాత సూది తిరగదు.

మూడేళ్ళలోపు పిల్లలకైతే ఈ కళ్ళూ ముక్కూ అసలు వాడొద్దు. పేరులో సేఫ్టీ ఉన్నంత మాత్రాన అవి ఊడవని కాదు. అల్లిక వదులుగా ఉంటే బిళ్ళతో సహా బయటికి వస్తాయి, నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి. నల్లదారంతో కుట్టేయండి. ఈ హెచ్చరిక పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో వేశారు, లోపల మొదటి పేజీలో ఉండాల్సిన మాట ఇది.

దూది చాలినంత ఇచ్చారు. ముద్దగా కుక్కకండి, వేళ్ళతో విడదీసి చిన్న చిన్న తునకలుగా పెట్టండి, లేకపోతే ఒంటి మీద గడ్డలు తేలతాయి. తల ఊగిపోతోందంటే మెడ దగ్గర దూది చాల్లేదని అర్థం. తలకీ ఒంటికీ 18 కుట్ల నోళ్ళు కలిపి కుడతాం కదా, ముప్పావు వంతు కుట్టాక ఆ సందులోంచి పెన్సిల్ వెనకవైపుతో మెడలోకి ఇంకా దట్టించండి. కాళ్ళలో పాదాల వరకే దూది, పైన పల్చగా వదిలేస్తేనే ఒంటికి అంటుకుని కూర్చుంటాయి.

చెవులకి దూది వద్దు. కుట్టడానికి 10 సెంటీమీటర్ల కొస వదలమన్నారు, అది సగం చెవికే అయిపోతుంది. 25 నుంచి 30 వదలండి. ప్లాస్టిక్ సూది బిగువు అల్లికలో వంగిపోతుంది, మొన మొద్దుగా ఉండే ఇనుప సూది తెచ్చుకోండి. తోక గురించి చెప్పడానికేం లేదు, పది నిమిషాల పని.

కిట్‌తో ఇచ్చిన వీడియోలు తేటగా ఉన్నాయి, చేతులు దగ్గరగా చూపించారు. అన్నీ కుడిచేతివే. ఎడమచేతివాళ్ళు వీడియోని అద్దంలో చూసినట్టు తిప్పుకుని చూడాలి.

ఉతకాలంటే చల్లటి నీళ్ళలో చేత్తోనే. పిండకుండా తువ్వాల్లో చుట్టి అదిమి, నీడలో పడుకోబెట్టి ఆరేయండి. లోపలి దూది ఆరడానికి పైకి కనిపించేదానికన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది. 2.5 హుక్కుతో అల్లితే గోధుమరంగు ఊలు కొంత మిగులుతుంది. దాన్ని పారేయకుండా దాచండి. పిల్లలు బొమ్మని చెవి పట్టుకునే ఈడుస్తారు, ముందు తెగేది ఆ కుట్టే, అప్పుడు అదే రంగు ఊలు దొరక్కపోవచ్చు.