మింగుడుపడని వచనాల దగ్గర యూవెర్షన్ బైబిల్ యాప్ ఎంతవరకు పనికొస్తుంది?

2008లో వచ్చిన ఈ యాప్ ఉచితం, ప్రకటనలుండవు, తెలుగు అనువాదాలు ఒకటికి మించి ఉన్నాయి. అసలు పరీక్ష కష్టమైన భాగాల దగ్గరే.

కీర్తన 137 తెరవండి. 9వ వచనంలో పసిపిల్లల్ని బండకేసి కొట్టేవాడు ధన్యుడని ఉంటుంది. దాటేసి పోకండి. వచనం మీద నొక్కితే నోట్ రాసే వీలుంది. "ప్రభువా, ఇది నేను ప్రార్థించలేను" అనిపిస్తే అదే రాయండి. సేవ్ చేసేముందు ఆ నోట్ ఎవరికి కనబడుతుందో సెట్టింగ్ చూసుకోండి. మొహమాటం ఉంటే నిజం రాయలేం. తర్వాత 1వ వచనం నుంచి చదవండి. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చే చెరవాళ్ల మొర అది, దేవుడిచ్చిన ఆజ్ఞ కాదు. అయినా బాధ పూర్తిగా పోదు, పోవాలని తొందరపడనక్కర్లేదు.

ఇబ్బందల్లా యాప్ రోజుకొకటి చూపే 'నేటి వచనం'తోనే. మంచి భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11ని విడిగా చూస్తే ఈ నెలలోనే ఉద్యోగం ఖాయమన్నట్టు ఉంటుంది. పై వచనంలోనే బబులోనులో 70 ఏళ్లు గడవాలన్న మాట ఉంది! ఇది అక్కడ చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. దాన్ని అందుకున్న పెద్దల్లో చాలామంది తిరిగి యెరూషలేము చూసి ఉండరు. అందుకే అధ్యాయం తెరిచి 4 నుంచి 14 దాకా చదవండి. తల్లిదండ్రుల్ని ద్వేషించాలనే లూకా 14:26 కలవరపెడితే, వాళ్లను యేసుకంటే ఎక్కువగా ప్రేమించకూడదనే మత్తయి 10:37 పక్కనే పెట్టుకోండి.

పఠన ప్లాన్లు మంచివే కానీ రోజువారీ టిక్కు కోసం పరుగెత్తిస్తాయి. యోబు తాను పుట్టిన రోజును శపించే యోబు 3 దగ్గర ఆగిపోతే ఆగండి, తప్పిన రోజుల తేదీలు తర్వాత సర్దుకోవచ్చు.