సెర్ప్‌లో ఉద్యోగమా, స్వచ్ఛంద సంస్థలోనా?

ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) పూర్తిచేసి పల్లెల్లో పనిచేయాలనుకునేవాళ్లకు మన దగ్గర ముఖ్యంగా ఈ రెండు దారులు కనిపిస్తాయి.

గ్రామీణ పేదరిక నిర్మూలన కోసం ప్రభుత్వం పెట్టిన సంస్థ సెర్ప్. ఇది 2000లో పుట్టింది, ‘వెలుగు’ పేరుతో ఊరూరా తెలిసింది. ఇందులో సీసీగా (కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా) చేరితే పొదుపు సంఘాలు, గ్రామ సంఘాలు, మండల సమాఖ్యే మీ లోకం. బ్యాంకు లింకేజీ (సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించడం), రికవరీ, పుస్తకాల రాత. టార్గెట్ల టెన్షన్ తప్పదు. కానీ వేలిముద్ర వేసే అక్క కూడా సంఘం మీటింగులో లేచి, తన అప్పు లెక్క చెప్పమని నిలదీస్తుంది. మనుషుల్ని కూడగట్టడం ఇంత బాగా నేర్పే చోటు ఇంకోటి నాకు తెలియదు.

1969లో అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) లాంటి సంస్థల్లో పని పరిధి పెద్దది: చదువు, వైద్యం, ఇళ్లు, దివ్యాంగుల సేవ. అయితే చాలా సంస్థల్లో జీతాలు విరాళాల మీదే నడుస్తాయి. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, అందులో పరిపాలన ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. పెద్ద సంస్థలు ఆ డబ్బును చిన్నవాటికి ఇవ్వడమూ ఆగిపోయింది. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ పోవచ్చు.

కొత్తవాళ్లు ముందు సమాఖ్యలతో రెండు మూడేళ్లు పనిచేయడమే మంచిదని నా అభిప్రాయం. దివ్యాంగులతోనో, పిల్లలతోనో పనిచేయాలన్న పట్టుదల ఇప్పటికే ఉంటే మాత్రం ఆగొద్దు, సంస్థకే వెళ్లండి. కాంట్రాక్టు ఎన్నాళ్లో చేరేముందే అడగండి.