నీట్ మళ్లీ రాయాలంటే ఏడాది లాంగ్‌టర్మా, నాలుగు నెలల చదువా?

ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్‌లో సీటొచ్చే మార్కు రాలేదు. ఇంట్లో మొదలయ్యే మాట ఒకటే: లాంగ్‌టర్మ్‌లో (ఏడాది పాటు నడిచే నీట్ కోచింగ్‌లో) చేర్పిద్దామా? రెండో దారి, ఏదైనా డిగ్రీలో చేరి జనవరి నుంచి గట్టిగా కూర్చోవడం. నెలలు లెక్కపెట్టే ముందు పోయిన మార్కులు ఎక్కడ పోయాయో చూడండి. ఓఎంఆర్ కాపీ (మీరు జవాబులు దిద్దిన షీటు), కీ (సరైన జవాబుల పట్టిక) రెండూ అందుబాటులోకి వస్తాయి కాబట్టి ఊహించుకోవాల్సిన పని లేదు.

720లో బయాలజీకి 360, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరో 180. బయాలజీలో 320 దాటి, ఫిజిక్స్‌లో 60 దగ్గర ఆగిపోయారా? అయితే లాంగ్‌టర్మే మేలు. సూత్రాలు వారంలో నోటికొస్తాయి. రొటేషన్ లెక్క చూడగానే ఏ సూత్రం పట్టుకోవాలో తట్టడం మాత్రం వందల లెక్కలు చేస్తేగానీ రాదు. డిగ్రీ క్లాసుల మధ్య, సెమిస్టర్ పరీక్షల మధ్య అది కుదిరే పని కాదు.

ఫిజిక్స్ ఫర్వాలేదు, బయాలజీయే 250 దగ్గర ఉందంటే కథ వేరు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను బొమ్మల కింది వాక్యాలతో సహా నాలుగైదుసార్లు తిరగేస్తే పెరిగే మార్కులవి. అందుకు ఏడాది అక్కర్లేదు.

ఎక్కువమంది పట్టించుకోనిది మూడో రకం నష్టం. సరైన జవాబుకి 4, తప్పుకి ఒక మార్కు కోత. అంటే తెలిసిన ప్రశ్నని తొందరలో తప్పుగా దిద్దితే తేడా 5. అలాంటివి 20 ఉంటే 100 మార్కులు గల్లంతు! పైగా 2025 నుంచి 180 ప్రశ్నలకి 180 నిమిషాలే. బయాలజీని 50 నిమిషాల్లో ముగించలేకపోతే ఫిజిక్స్‌కి ఊపిరాడదు. ఈ జబ్బుకి జూన్‌లో మళ్లీ మొదటి పాఠం నుంచి క్లాసులు వినడం మందు కాదు. వారానికి రెండు పూర్తి టెస్టులు రాసి, ప్రతి తప్పూ ఎందుకు జరిగిందో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. దానికి నాలుగు నెలలు ధారాళంగా సరిపోతాయి. వచ్చిన పాఠాలే మళ్లీ వింటూ కూర్చున్న పిల్లలు డిసెంబరుకల్లా అలసిపోవడం కూడా ఉంది (తల్లిదండ్రులు దీన్ని బద్ధకం అనుకుంటారు).

రెండో లాంగ్‌టర్మ్ సంగతేంటి? ఇన్నిసార్లే రాయాలన్న హద్దు లేదు, గరిష్ఠ వయసూ లేదు. అందుకే ఆగడం కష్టం. ఇక్కడి ఎంబీబీఎస్ సీట్లకి ఒక ఏడాది స్కోరు మరుసటి ఏడాది పనికిరాదు కూడా. నా మాటైతే, మొదటి లాంగ్‌టర్మ్‌లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాసిన గ్రాండ్ టెస్టుల (మొత్తం సిలబస్‌పై పెట్టే నమూనా పరీక్షల) మార్కులు వరసగా పెట్టి చూడండి. పెరుగుతూ వచ్చి పరీక్ష రోజున తడబడి ఉంటే ఇంకో ప్రయత్నానికి అర్థముంది. నాలుగు నెలలూ ఒకేచోట నిలిచి ఉంటే మాత్రం డిగ్రీలో చేరి, ఆ చదువుతో పాటే నీట్ రాయడమే నయం.